వాట్రస్: అక్షరమాల వరసలో పుట్టిన ఊరు

శ్రోతలకు నమస్కారం.

కెనడాలో సస్కాచవాన్ అనే రాష్ట్రం ఉంది. మన పిల్లలు చదువులకో ఉద్యోగాలకో సాస్కటూన్, రెజీనా వెళ్లడం మొదలయ్యాక ఆ పేరు మన ఇళ్లలోనూ వినపడుతోంది. వాళ్లను చూడ్డానికి వెళ్లే పెద్దవాళ్లు నయాగరా చూస్తారు, బాన్ఫ్ కొండలు చూస్తారు, తిరిగొచ్చేస్తారు. మధ్యలో ఉన్న మైదానం సంగతి ఎత్తితే "అక్కడేముందండీ, అన్నీ గోధుమ చేలేగా" అంటారు. ఆ చేల మధ్యనున్న వాట్రస్ గురించి చెబుతాను. సాస్కటూన్ నుంచి కారులో గంటంపావు ప్రయాణం. జనాభా రెండు వేల లోపే.

మన ఊళ్లు చెరువు చూసుకునో, గుడి చూసుకునో పుట్టాయి. వాట్రస్ అలా కాదు, రైలు కంపెనీ మ్యాపు మీద చుక్క పెడితే పుట్టింది. 1903లో ఏర్పడ్డ గ్రాండ్ ట్రంక్ పసిఫిక్ కంపెనీ విన్నిపెగ్ నుంచి పడమటి సముద్రం దాకా లైను వేస్తూ, స్టేషన్ల పేర్లకు ఇంగ్లీషు అక్షరాల వరస పట్టుకుంది. వెన్, వాట్రస్, జీనా, యంగ్, జెల్మా. అంటే వి, డబ్ల్యూ, ఎక్స్, వై, జెడ్. జెడ్ అయిపోగానే అలన్, బ్రాడ్‌వెల్, క్లావెట్ అంటూ మళ్లీ మొదటికి! డబ్ల్యూ వంతుకు కంపెనీ పెద్ద అధికారి ఫ్రాంక్ వాట్రస్ మోర్స్ పేరులోంచి మధ్య ముక్క తీసి పెట్టేశారు. తరతరాలుగా ఆ నేల మీద తిరిగిన క్రీ, అసినిబోయిన్ ఆదివాసీ ప్రజలను అడిగి పెట్టిన పేర్లు కావివి. ఆ కంపెనీ అధ్యక్షుడు చార్లెస్ మెల్విల్ హేస్ పేరున మెల్విల్ అని ఇంకో ఊరుంది. పాపం, ఆయన లైను పూర్తికాకముందే, 1912లో టైటానిక్ ఓడలో పోయాడు. కంపెనీ 1919లో దివాలా తీసింది. ఊళ్లు మాత్రం మిగిలాయి.

ఆవిరి ఇంజను సుమారు రెండు వందల కిలోమీటర్లు లాగితే ఆగాల్సిందే. బొగ్గు, నీళ్లు నింపాలి, బూడిద దులపాలి, డ్రైవరు డ్యూటీ దిగాలి. అలాంటి పెద్ద మజిలీ వాట్రస్. నెల్లూరు జిల్లా బిట్రగుంటలో ఆవిరి ఇంజన్ల లోకోషెడ్డు వైభవం చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. డీజిలు ఇంజన్లు వచ్చాక రెండు చోట్లా ఆ వైభవం పోయింది.

ఆ మైదానంలో దూరం నుంచి ముందు కనపడేది ఊరు కాదు, ధాన్యం ఎలివేటరు. పట్టాల పక్కన ఐదారంతస్తుల ఎత్తున నిలబడ్డ చెక్క గోదాము. దగ్గరికెళ్లి గోడ చూడండి. పలకల్ని నిలువుగా కాదు, పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చి మేకులు దిగ్గొట్టారు. గింజల ఒత్తిడికి గోడ పగలకుండా ఆ పద్ధతి. రైతు బండిని తూకం వేసి గోతిలో గుమ్మరిస్తే, బెల్టుకు బిగించిన చిన్న చిన్న డబ్బాలు గింజల్ని పైకి తోడేవి. పైనుంచి గోదాము అరల్లోకి, రైలు వచ్చినప్పుడు గొట్టం ద్వారా వ్యాగన్లోకి. గుర్రబ్బండి తోలుకొచ్చిన రైతు చీకటిపడేలోగా ఇల్లు చేరాలి కాబట్టి పది, పదిహేను కిలోమీటర్లకొక ఎలివేటరు, దాని చుట్టూ ఒక ఊరు. 1933లో కెనడా అంతటా ఇవి 5,700 పైచిలుకు ఉండేవి. లారీలొచ్చాయి, బ్రాంచి లైన్లు ఎత్తేశారు, చెక్కవి కూల్చి దూరదూరంగా పెద్ద కాంక్రీటువి కట్టారు. ఎలివేటరు పోయిన ఊళ్లో ముందు కొట్టు, తర్వాత బడి మూతపడ్డాయి. ఈ పొదుపు ఎవరికి మిగిలిందో గాని, ఆ ఊళ్లకైతే కాదు. పక్క రాష్ట్రం మానిటోబాలో ఇంగ్లిస్ అనే చోట ఐదింటిని వరసగా అలాగే కాపాడుతున్నారు. వీలైతే అదీ చూడండి.

వాట్రస్ నిలదొక్కుకోవడానికి ఒక ఆసరా పక్కనే ఉంది. ఐదారు కిలోమీటర్లలో లిటిల్ మానిటూ సరస్సు. అందులోకి నీళ్లు రావడమే గాని బయటికి పోయే దారి లేదు. అందుకే ఉప్పు, ఖనిజాలు పేరుకుని సముద్రంకన్నా చిక్కనయ్యాయి. ఈత రానివాళ్లు కూడా మునగరు. మునుగుదామన్నా కాళ్లు పైకి తేలిపోతాయి! ఒకప్పుడు వేసవిలో జనం రైల్లో వాట్రస్‌లో దిగి స్నానాలకు పోయేవారు. ఒడ్డున 1928 నాటి డాన్స్‌లాండ్ అనే నాట్యశాల ఉంది. మేపుల్ చెక్క నేల కింద గుర్రపు వెంట్రుకలు పరిచారు. అడుగు వేస్తే మెత్తగా ఆనుతుంది, మోకాళ్లకు హాయి.

ఊళ్లో గేటు పడిందంటే మాత్రం తీరిగ్గా కూర్చోండి. రెండు, మూడు కిలోమీటర్ల పొడవు గూడ్సు. ఆ వ్యాగన్లలో పొటాష్ ఉండొచ్చు, మసూర్ పప్పు ఉండొచ్చు. చుట్టుపక్కల పొటాష్ గనులున్నాయి. మన వరి పొలాల్లో వేసే మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో కొంత ఈ రాష్ట్రం నుంచి వచ్చేదే.

టొరంటో, వాంకూవర్ మధ్య నడిచే ప్రయాణికుల రైలు ఇప్పటికీ ఈ దారినే పోతుంది, ముందుగా టికెట్టు తీసుకుంటే వాట్రస్‌లో ఆగుతుంది. వారానికి కొద్దిసార్లే. పట్టాలు గూడ్సు కంపెనీవి కాబట్టి గంటలకొద్దీ ఆలస్యం మామూలే. టెన్షన్ వద్దనుకుంటే కారే నయం. జులై, ఆగస్టుల్లో వెళ్లండి. ఆవాల జాతి నూనెగింజ కనోలా పసుపచ్చటి పూత జులైలోనే. జనవరిలో చలి మైనస్ ముప్పై డిగ్రీల దాకా పోతుంది. సరస్సులో దిగేముందు ఒంటి మీద గాయాలున్నాయేమో చూసుకోండి, ఉప్పుకు భగ్గుమంటాయి. నీళ్లు కంట్లో పడనివ్వకండి. బయటికొచ్చాక మంచినీళ్లతో స్నానం తప్పనిసరి. సెలవు.