శర, శశి, షట్క: మా మేనమామ గారు పాడిన లెక్క

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సార్వా మాసూళ్ళ పనులు మధ్యలో ఆపి ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చిన రైతు సోదరులకు, ఆడపడుచులకు, విద్యార్థులకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా సాహిత్యం, శాస్త్రం, కళలు కలిసే చోటు గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను ఆదేశించారు. జీవితమంతా లెక్కలు చెప్పుకుని బతికినవాణ్ణి కనుక అంత పెద్ద విషయాన్ని ఒకే ఒక పద్యానికి కుదించుకుని వచ్చాను. ఆ పద్యం పావులూరి మల్లన పేర నిలిచినది. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చిన కవి ఆయన. రాజరాజనరేంద్రుని వల్ల పిఠాపురం దగ్గరి నవఖండవాడను పొందిన వంశం వారిది.

అయితే నేను ఈ పద్యాన్ని మొదట పుస్తకంలో చూడలేదు, కళ్ళంలో విన్నాను. మా మేనమామ గారు పౌరాణిక నాటకాలలో అర్జున వేషం కట్టేవారు. కుప్ప నూర్చి వడ్లు కొలిచేటప్పుడు కుంచం పట్టుకుని ‘లాభం, రెండు, మూడు’ అని లెక్క పెట్టడం ఆయన వంతు. కొలత ముగిశాక రాశి పక్కన నిలబడి, హార్మోనియం లేని లోటు తెలియకుండా, ‘శర శశి షట్క చంద్ర శర సాయక’ అని చంపకమాల ఎత్తుకునేవారు. శరమన్నా సాయకమన్నా బాణమే కదా! అది అర్జునుడి బాణవర్షాన్ని వర్ణించే పద్యమని ఆయన గట్టి నమ్మకం. అందుకే కుడిచెయ్యి అమ్ములపొది దాకా వెళ్ళి వచ్చేది, రాగం ఊరి చివరి కాలువ గట్టు దాకా సాగేది.

కళాశాలలో చేరాక ఒక రోజు మా తెలుగు మాష్టారు సంఖ్యాసంజ్ఞల గురించి చెబుతుంటే నాకు మామయ్య బాణాలు గుర్తుకు వచ్చాయి. మన్మథుని శరాలు ఐదు, శశి ఒకటి, షట్కం ఆరు, చంద్రుడు ఒకటి, శర ఐదు, సాయక ఐదు, రంధ్రాలు తొమ్మిది, వియత్తు అంటే ఆకాశం కనుక సున్న, నగాలు ఏడు, అగ్నులు మూడు, భూధరాలు ఏడు, గగనం సున్న, అబ్ధులు నాలుగు, వేదాలు నాలుగు, గిరులు ఏడు, తర్కాలు ఆరు, పయోనిధులు నాలుగు, పద్మజుని ముఖాలు నాలుగు, దిక్కులు మోసే కుంజరాలు ఎనిమిది, తుహినాంశుడు ఒకటి. అంకెలు కుడి నుంచి ఎడమకు నడవాలన్నది సంప్రదాయం కనుక చివరి మాట నుంచి రాసుకుంటే 1,84,46,74,40,73,70,95,51,615 వస్తుంది. చదరంగపు 64 గళ్ళలో మొదటి గడిలో ఒక గింజ వేసి, గడి గడికీ రెట్టిస్తూ పోతే చేరే మొత్తం గింజలు సరిగ్గా ఇన్నే.

విద్యార్థులారా, ఒక్క క్షణం ఇక్కడ ఆగండి. ఈ ఇరవై అంకెలను పద్యంలో ఇరికించడం గొప్ప అని నేను అనడం లేదు. మొదటి పాదం ‘శ’తో మొదలైంది కనుక పదకొండవ అక్షరం దానికి యతి కుదరాలి, అక్కడ కావలసిన అంకె ఐదు, బాణమంటే యతి చెడుతుంది, అందుకే సాయకమన్నాడు. రెండవ పాదం ‘ధ’తో మొదలైంది, యతి స్థానంలో కావలసిన అంకె ఆరు, పై పాదంలో షట్కమన్నవాడే ఇక్కడ తర్కమన్నాడు. ప్రాసకు రేఫ కావాలి కనుక ఎనిమిదికి గజాన్ని కాదని కుంజరాన్ని తెచ్చి, ‘కుం’ను ఒక పాదం చివర, ‘జర’ను తరువాతి పాదం మొదట నిలబెట్టాడు. ఛందస్సు ఇక్కడ అంకెలకు కాపలా కాస్తున్నది. ఒక మాట జారితే పాట కుంటుతుంది, పాడేవాడికి వెంటనే తెలిసిపోతుంది.

నేను చాలా కాలం అలాగే నమ్మాను. మామయ్య రాసుకున్న నోటు పుస్తకం చూశాక ఆ నమ్మకం సగమే మిగిలింది. ఆయన ‘అబ్ధి వేద గిరి’ అన్న చోట ‘అబ్ధి బాణ గిరి’ అని రాసుకున్నారు. యుద్ధ పద్యంలో వేదాలకేం పని అనుకుని ఉంటారు. గురువు, లఘువు అలాగే ఉన్నాయి, అక్కడ యతి లేదు, ప్రాస లేదు. కాపలావాడి కళ్ళెదుటే నాలుగు కాస్తా ఐదైపోయింది. దాన్ని పట్టుకోవడానికి లెక్కే దిక్కు. మల్లన ఇరవై అంకెలను కూడితే 87, దాన్ని మళ్ళీ కూడితే 15, అదీ కూడితే 6. ఒకటిని అరవై నాలుగు సార్లు రెట్టించి, ఒకటి తగ్గించి, తొమ్మిదితో భాగిస్తే మిగిలేదీ ఆరే. మామయ్య అంకెలను కూడితే 88, చివరికి తేలేది 7.

ఆ మాటే వెళ్ళి చెప్పాను. ‘బాణం ఒకటి ఎక్కువైతే యుద్ధానికి నష్టమేమిట్రా?’ అన్నారు. ఆ స్థానంలో ఒకటి పెరిగితే పది లక్షల కోట్ల గింజలు పెరిగినట్టు. మన స్వర్ణ వడ్లు వెయ్యి తూస్తే సుమారు 20 గ్రాములు అనుకుంటే, ఆయన ఏటా కళ్ళంలో రెండు లక్షల టన్నుల వడ్లు అదనంగా పాడుతున్నారన్నమాట! ఆ సంగతి విని చాలా సంతోషించారు, పద్యం మాత్రం మార్చలేదు.

ఇక నా మనసులోని బాధ చెప్పక తప్పదు. నేను పనిచేసిన ఒక కళాశాలలో ఈ పద్యాన్ని లెక్కల విద్యార్థులకూ తెలుగు విద్యార్థులకూ కలిపి ఒక్క గంట చెబుతానని అడిగాను. ఆ గంటను ఏ శాఖ ఖాతాలో వేయాలని ఎదురు ప్రశ్న వచ్చింది. మల్లన గణితం తెలుగు బీరువాలో ఉండేది, మా పిల్లలు ఆ వైపు వెళ్ళేవారు కారు. తెలుగు పిల్లలు దాన్ని తెరిచి, లెక్కలని చూసి మూసేసేవారు. ఎవరూ దానికి హాని చేయలేదు, ఎవరూ చదవనూ లేదు. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ స్వయంగా గణితాచార్యులు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులై, 1933లో ప్రచురించిన కోలన్ వర్గీకరణలో, ఒక పుస్తకానికి ఉన్న వేర్వేరు ముఖాలను గుర్తించి జోడించే దారి చూపించారు. నేనడిగిన ఆ ఒక్క గంటకు మాత్రం ఏ దారీ దొరకలేదు.

మామయ్య ఇప్పుడు లేరు. ఆయన నోటు పుస్తకాన్ని ఈ రోజు ఈ గ్రంథాలయానికి ఇస్తున్నాను. అందులో ‘బాణ’ అన్న మాటను నేను దిద్దలేదు, దయచేసి మీరూ దిద్దవద్దు. దీన్ని ఏ బీరువాలో పెట్టాలని గ్రంథపాలకులు ఇందాక నన్ను అడిగారు. తెలుగు పద్యాలకు ఒకటి, లెక్కలకు ఒకటి, నాటకాలకు ఒకటి చొప్పున మూడు కార్డులు రాయమన్నాను.