ప్రయోగశాల లేని మనస్తత్వశాస్త్రం

(అక్టోబరు 10న అనంతపురంలో డిగ్రీ మనస్తత్వశాస్త్ర విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదనున్న ప్రిన్సిపాల్ గారికి, శాఖాధ్యక్షురాలికి, కర్నూలు, కడప జిల్లాల నుంచి శ్రమపడి వచ్చిన అధ్యాపక మిత్రులకు, ఈ ఉక్కపోతలో ఓపికగా కూర్చున్న విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. నన్ను పరిచయం చేసిన అమ్మాయి చెప్పిన మాటల్లో సగం తీసివేసి మిగిలిన సగాన్ని నమ్మవలసిందిగా మనవి. ఆహ్వానపత్రికలో నా ప్రసంగ విషయం ‘యువత - మానసిక ఆరోగ్యం’ అని అచ్చయింది. ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం 1992 నుంచి ఈ తేదీనే జరుగుతున్నది కనుక ఆ శీర్షిక పెట్టడం సహజమే. అయితే దాని మీద నాకన్నా అధికారంతో మాట్లాడగల వైద్యులు మధ్యాహ్నం వస్తున్నారు. నేను జీవితమంతా డిగ్రీ పిల్లలకు మనస్తత్వశాస్త్రం పాఠం చెప్పినవాణ్ణి. నాకిచ్చిన సమయంలో ఈ శాస్త్రాన్ని డిగ్రీలో ఎలా చదవాలి, మనం ఎలా చదివిస్తున్నాం అన్న విషయమే మాట్లాడతాను. నిర్వాహకులు మన్నించాలి.

ఈ సబ్జెక్టులో చేరిన ప్రతి విద్యార్థీ మొదటి వారంలోనే రెండు ప్రశ్నలు ఎదుర్కొంటాడు. ఇంట్లో పెద్దవాళ్లు, “ఇది సదివితే ఏం వస్తాది నాయనా, పిచ్చోళ్లకు మందులిస్తావా?” అని అడుగుతారు. హాస్టల్లో స్నేహితులు, “అయితే నా మనసులో ఏముందో చెప్పప్పా” అని చుట్టూ చేరతారు. మందులిచ్చే సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివి, ఆపైన ఆ విభాగంలో ప్రత్యేక శిక్షణ పొందిన వైద్యుడు. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే ఇన్నాళ్లుగా ఉన్న దారి ఎం.ఏ. తరువాత ఎం.ఫిల్. చేసి, 1992 నాటి చట్టం కింద భారతీయ పునరావాస మండలిలో నమోదు కావడం. బి.ఏ. పట్టా చేతికి రాగానే, దానికి ఆరువారాల సర్టిఫికెట్ ఒకటి తగిలించుకుని, వీధిలో ‘సైకాలజిస్ట్’ అని బోర్డు కట్టేవారిని చూస్తే నాకు భయం వేస్తుంది. ఎదుటివారి మనసులో మాట చెప్పే విద్యేమో మన శాస్త్రంలో ఎక్కడా లేదు. అది కావలసినవారికి చిలక జోస్యం ఉండనే ఉంది.

మరి డిగ్రీ స్థాయిలో ఈ చదువు ఏమిస్తుంది? మనుషుల గురించి మనకు చిన్నప్పటి నుంచి ఉన్న నమ్మకాలను పరీక్షకు పెట్టడం నేర్పుతుంది. ‘ఆ కులంవాళ్లకు చదువు అబ్బదు’, ‘ఆడపిల్లలకు లెక్కలు రావు’, ‘కొట్టకపోతే పిల్లవాడు దారికి రాడు’ అని రచ్చబండ మీద తీర్పులు చెప్పేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ తీర్పు విని, ‘దీన్ని ఎవరు, ఎలా కొలిచారు?’ అని అడగగలిగినవాడే ఈ సబ్జెక్టు చదివినట్టు. ఆ అలవాటు పుస్తకం వల్ల రాదు, ప్రయోగశాలలో చేతులు ఆడిస్తేనే వస్తుంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఎందుకింత పట్టుదలగా చెబుతున్నానో వివరిస్తాను.

విల్హెల్మ్ వుంట్ 1879లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో ప్రయోగశాల పెట్టినప్పటి నుంచే ఈ శాస్త్రానికి వయసు లెక్కగడతాం. మన దేశంలో 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో నరేంద్రనాథ్ సేన్‌గుప్త ఆధ్వర్యంలో మనస్తత్వశాస్త్ర శాఖ మొదలైంది. మనకు ఇంకా దగ్గరగా, 1924లో మైసూరులో ఎం.వి. గోపాలస్వామి ప్రయోగశాల ఏర్పాటుచేశారు. ఆ గోపాలస్వామే 1935లో మైసూరులో సొంతంగా రేడియో కేంద్రం నడిపి దానికి ‘ఆకాశవాణి’ అని పేరు పెట్టారు. ఆ పేరు తరువాత దేశానికంతటికీ దక్కింది. ఇక మన ఊరి సంగతి. ఇక్కడి దత్తమండల కళాశాల కూడా 1916లోనే పుట్టింది, సర్వేపల్లి రాధాకృష్ణన్ కొంతకాలం అందులో పనిచేశారు. సెప్టెంబరు 5న ఆయన పటానికి దండలు వేస్తాం గాని, ఇక్కడికి రాకముందే, 1912లో, ఆయన మనస్తత్వశాస్త్ర మూలసూత్రాల మీద ఒక చిన్న పుస్తకం ప్రచురించారనీ, అది ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నవారికి చెప్పిన పాఠాల నుంచి వచ్చిందనీ దండ వేసేవారిలో ఎందరికి తెలుసు? మనది నిన్న మొన్న వచ్చిన ఫ్యాషన్ చదువు కాదని చెప్పడానికే ఇంత దూరం వెళ్లాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అద్దంలో చూసి గీసే ప్రయోగం మీలో ఎంతమంది చేశారు? చేతులెత్తండి. సరే, దించండి. పాఠ్యప్రణాళికలో ఉంది, రికార్డు పుస్తకంలో ఉంది, ఎత్తిన చేతులు మాత్రం వేళ్లమీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి. ఒక పలక, దానిమీద రెండు గీతల నడుమ సన్నని దారి ఉన్న నక్షత్రం బొమ్మ, ఎదురుగా నిలబెట్టిన అద్దం, చెయ్యి నేరుగా కనబడకుండా పైన ఒక రేకు. అద్దంలో మాత్రమే చూస్తూ పెన్సిలును ఆ దారి వెంట నడపాలి. చూసేవారికి పిల్లల ఆటలా ఉంటుంది. మొదటి మూల తిరిగే చోట పెన్సిలు మొరాయిస్తుంది. ముందుకు పొమ్మంటే వెనక్కి వస్తుంది, అక్కడే గజిబిజిగా గీతలు పడతాయి, గీస్తున్న మనిషి నుదుట చెమట పడుతుంది. పక్కన ప్రయోక్తగా కూర్చున్న విద్యార్థి స్టాప్‌వాచీ పట్టుకుని, గీత దాటిన ప్రతిసారీ ఒక తప్పు వేస్తాడు. సాధన సాగేకొద్దీ కాలమూ తప్పులూ తగ్గుతాయి. కుడిచేతితో సాధన చేయించి తరువాత పెన్సిలు ఎడమచేతికి ఇస్తే, సాధన చేయని ఆ చెయ్యి కూడా మునుపటికన్నా మెరుగ్గా గీస్తుంది. దీన్నే అభ్యసన బదలాయింపు అని మీరు మార్కుల కోసం రాస్తారు.

ఈ నక్షత్రం బొమ్మకు ఒక చరిత్ర ఉంది. హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కు మూర్ఛవ్యాధి తగ్గించడానికి 1953లో మెదడులో రెండు పక్కలా కొంత భాగం తీసివేశారు. ఆ తరువాత అతనికి కొత్త సంగతి ఏదీ గుర్తుండేది కాదు. బ్రెండా మిల్నర్ అనే పరిశోధకురాలు అతని చేత మూడు రోజుల పాటు ఇదే నక్షత్రాన్ని అద్దంలో చూస్తూ గీయించారు. ప్రతిసారీ ‘ఇది నేనెప్పుడూ చేయలేదే’ అన్నట్టే మొదలుపెట్టేవాడు, అయినా చెయ్యి మాత్రం నిన్నటికన్నా నేర్పుగా గీసేది. సంగతులను గుర్తుపెట్టుకోవడం వేరు, చేతికి పని అలవాటు కావడం వేరు, మెదడులో ఆ రెండింటి దారులు వేరని తేలడానికి ఒక అద్దం, ఒక కాగితం చాలాయి.

నేను పనిచేసిన ఒక కళాశాలలో ధర్మవరం నుంచి రోజూ బస్సులో వచ్చే విద్యార్థిని ఉండేది. ఇంట్లో పట్టుచీరల మగ్గం. ఈ ప్రయోగం చేస్తూ ఆ అమ్మాయి, “సార్, మా నాయన మగ్గం మీద రెండు చేతులూ ఆడిస్తాడు కదా, ఆయనకు ఎడమచెయ్యి ఇంకా తొందరగా వస్తాదా?” అని అడిగింది. అయ్యా, అధ్యాపక మిత్రులారా, ఆలోచించండి. ఏ పుస్తకంలోనూ లేని ప్రశ్నను డిగ్రీ రెండో సంవత్సరం పిల్ల వేసింది. ఆ పలకను ధర్మవరం తీసుకుపోయి నేతపనివారితో ఒక జట్టు, మగ్గం ఎక్కనివారితో ఒక జట్టు కట్టి, వయసులు సరిచూసి కొలుద్దామనుకున్నాం. ప్రయోగశాల సామాను గేటు దాటరాదని కార్యాలయం అభ్యంతరం చెప్పింది. పోయినా పగిలినా డబ్బు నేనే కట్టుకుంటానని రాసిచ్చాను. ఆ కాగితం ఒక బల్ల మీదనుంచి ఇంకో బల్ల మీదికి తిరుగుతూ ఉండగానే ఆ అమ్మాయి చదువు ముగిసింది. మగ్గం నేసే చేతుల సంగతి ఈనాటికీ తేలలేదు.

కథ అక్కడితో ముగిసినా బాగుండేది. నా పదవీ విరమణ తరువాత అక్కడికి తనిఖీ బృందం వస్తున్నదని గదులు సర్దారట. మా ప్రయోగశాల అలమారాలు ఖాళీచేసి, నక్షత్రం పలక, చిట్టడవి బోర్డు, గీతల పొడవు విషయంలో కన్ను పొరబడే మ్యూలర్-లయర్ భ్రమను కొలిచే కర్ర, క్షణకాలం బొమ్మను చూపే టాకిస్టోస్కోపు పెట్టె, అన్నీ కలిపి ‘పాత చెక్క సామాను, ఒక లాటు’ అని రాసి వేలం వేశారు. అడిగితే, “చేరేవాళ్లే లేరు కదా సార్, ఎందుకవి?” అన్నారు. చేసి చూపే గది మూతపడితే చేరేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? ఆ కళాశాల పేరు చెప్పను. చెబితే ఆ ఒక్కచోటే ఇలా జరిగిందని మీరు అనుకుంటారు.

ప్రయోగశాల పోయాక మన ప్రాంతంలో మనస్తత్వశాస్త్రం ఎక్కడ మిగిలింది? డీఎస్సీ, టెట్ కోచింగ్ కేంద్రాలలో మిగిలింది. పావ్‌లోవ్ - కుక్క, థారన్‌డైక్ - పిల్లి, స్కిన్నర్ - ఎలుక, కోహ్లర్ - చింపాంజీ. చింపాంజీ పేరేమిటి? చూశారా, సుల్తాన్ అని హాలంతా పలికింది. సుల్తాన్ రెండు కర్రలను ఒకదానిలో ఒకటి దూర్చి పండును లాక్కున్నదని చెప్పగలరు. దాన్ని అంతర్దృష్టి, అంటే ఒక్కసారిగా పరిష్కారం తట్టడం, అని కోహ్లర్ ఎందుకన్నాడు, అంతకుముందు ఆ కోతి కర్రలతో ఆడుకున్న అనుభవమే కారణమని ఎవరైనా ఆక్షేపిస్తే ఎలా తేల్చాలి అని అడిగితే ఎవరూ నోరు విప్పరు. బిట్లు చదివి ఉద్యోగం తెచ్చుకోవడాన్ని నేను తప్పుపట్టను. వర్షం ముఖం చాటేసే జిల్లాలో ఒక్క టీచరు ఉద్యోగం ఒక కుటుంబాన్ని నిలబెడుతుంది. ఆ బిట్లనే శాస్త్రమని నమ్మి డిగ్రీ మూడేళ్లూ గడిపేయడం మీదే నా ఫిర్యాదు.

లెక్కలు తప్పించుకోవడానికి ఇందులో చేరినవారు కూడా ఇక్కడ ఉన్నారని నాకు తెలుసు. అంకెలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే క్రమవిచలనం, రెండింటి మధ్య పొత్తును కొలిచే సహసంబంధం వచ్చేసరికి వారి ముఖాలు వాడిపోతాయి. 2015లో ఒక పెద్ద పరిశోధక బృందం, పేరున్న పత్రికల్లో వచ్చిన 100 మనస్తత్వ పరిశోధనలను మళ్లీ చేసి చూస్తే, గణాంకపరంగా నిలబడిన ఫలితాలు 36 శాతమే. ఇది చూసి మన శాస్త్రాన్ని ఎగతాళి చేసినవారున్నారు. తన లెక్కను తానే తిరగతోడుకున్న శాస్త్రం మీద నాకు గౌరవం పెరిగింది. అయితే ఆ వ్యాసం చదివి అర్థం చేసుకోవాలంటే సాంఖ్యకశాస్త్రం రావాలి, దానికి అడ్డదారి లేదు.

ఇంకొక మాట. 2010లో జోసెఫ్ హెన్రిక్, ఆయన సహచరులు ఒక సంగతి ఎత్తిచూపారు. ప్రముఖ పత్రికల్లోని పరిశోధనలలో పాల్గొన్నవారిలో 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవారే, ఆ దేశాల జనాభా ప్రపంచంలో 12 శాతమే. మ్యూలర్-లయర్ భ్రమనే తీసుకోండి. బాణం మొనలు లోపలికి ఉన్నప్పుడు ఒకలా, బయటికి ఉన్నప్పుడు ఒకలా, ఒకే పొడవున్న గీత వేరువేరుగా కనిపిస్తుంది. రివర్స్ అనే ఆంగ్లేయుడు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నీలగిరి కొండల్లోని తోడా తెగవారిని పరీక్షించి, ఈ భ్రమ వారికి ఇంగ్లండువారికన్నా తక్కువని గుర్తించాడు. కంటిచూపు విషయంలోనే ఇంత తేడా ఉంటే, మన మనుషుల ఆశలు, భయాలు, బంధాల సంగతి అమెరికా కాలేజీ కుర్రవాళ్లను కొలిచి ఎలా తెలుస్తుంది? కదిరి ప్రాంతం నుంచి అమ్మానాన్నలు బెంగళూరుకు కూలికి పోతే అవ్వ దగ్గర పెరిగే పిల్లలు, రాయచోటి వైపు తల్లి కువైట్‌లో ఉండగా ఫోనులోనే ఆమెను చూసుకునే పిల్లలు ఏ పాఠ్యపుస్తకంలో ఉన్నారు?

పొరుగున తమిళనాడులో చేసిన పని 2013లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. 54 గ్రామాలలో 464 మంది చెరకు రైతులను, కోతకు ముందు చేతిలో డబ్బాడనప్పుడు ఒకసారి, కోత తరువాత ఒకసారి, వరసలో లోటుపడిన బొమ్మను ఎంచుకునే రేవెన్ తరహా పరీక్షతోనూ ఏకాగ్రత పరీక్షతోనూ కొలిచారు. అదే మనిషి, కోతకు ముందు తక్కువ, తరువాత ఎక్కువ తెచ్చుకున్నాడు. ఆ ఫలితం మీద వాదోపవాదాలు నడిచాయి, నడవాలి కూడా. వారు వాడిన తరహా బొమ్మల పుస్తకాలు మన కళాశాలల అలమారాల్లోనూ చెదలు పడుతున్నాయి. చెరకు రైతును అడిగారు, మన బుడ్డల (వేరుశనగ) రైతును ఎవరు అడిగారు? నాలుగేళ్లు ఎండినా అయిదో ఏడు మళ్లీ విత్తనం వేసే రైతును చూసి, అప్పుడప్పుడు మాత్రమే ఫలితం దక్కే ప్రవర్తన అంత తొందరగా ఆగదని స్కిన్నర్ చెప్పాడు కదా అని మనం సంబరపడవచ్చు. నాకు కూడా ఆ వివరణ నచ్చుతుంది. కాని అప్పు, సబ్సిడీ విత్తనం, ఎర్రనేలలో మరో పంట పండకపోవడం, ఇవన్నీ ఉన్నాయి. రైతును మూర్ఖుడనే ముందు, అతని అనుమతి తీసుకుని, అతనితో కూర్చుని, అడిగి తెలుసుకోవాలి.

నిర్వాహకుల మాట పూర్తిగా కాదన్నట్టు కాకుండా ఒక సంగతి చెబుతాను. మానసిక ఇబ్బందుల్లో ఫోనులో సాయపడే టెలీ మానస్ అనే ప్రభుత్వ ఉచిత సేవ 2022లో ఇదే అక్టోబరు 10న మొదలైంది. నంబరు 14416. స్నేహితుడు చచ్చిపోతానంటే మీరు వైద్యం మొదలుపెట్టకండి. ఒంటరిగా వదలకుండా పక్కనే ఉండి, ఆ నంబరుకు ఫోను చేయించి, పెద్దవాళ్లకు చెప్పి ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ప్రిన్సిపాల్ గారూ, మీ దగ్గర మనస్తత్వశాస్త్రానికి గది లేదని విన్నాను. అద్దం బజారులో దొరుకుతుంది, అట్ట దొరుకుతుంది, స్టాప్‌వాచీ ప్రతి పిల్లవాడి ఫోనులో ఉంది. డబ్బు లేదన్న మాట నేను ఒప్పుకోను. శనివారం మధ్యాహ్నం తాళం తీసి ఉంచే ఒక గది ఇవ్వండి. అక్కడి సామానును విద్యార్థులు సంతకం చేసి ఊళ్లకు తీసుకుపోవచ్చునని ఒక్క ఆర్డరు రాయండి. శాఖాధ్యక్షురాలు ఒప్పుకుంటే ఈ ఏడే ధర్మవరంలో మగ్గాల పని మొదలుపెట్టవచ్చు, బస్సు ఎక్కితే గంట దూరం. ప్రయోగ ప్రణాళిక నా దగ్గర రాసిపెట్టి ఉంది, జిరాక్సులు తెచ్చాను, వెళ్లేటప్పుడు ముందు వరసలో ఉన్న అమ్మాయిల దగ్గర తీసుకోండి. వైద్యులు వచ్చేలోగా ఇంకా కాస్త సమయం ఉంది. డీఎస్సీ బిట్లు తప్ప ఏదైనా అడగండి.