నదిలో ప్లాస్టిసైజర్లు: ఎక్కడ వెతకాలి, ఎలా వెతకాలి

అందరికీ నమస్కారం.

పీవీసీ సహజంగా గట్టిది. దాన్ని వంగే గొట్టంగానో, వైరు తొడుగుగానో, నేలమీద పరిచే షీటుగానో మార్చడానికి కలిపే నూనెలాంటి ద్రవమే ప్లాస్టిసైజర్. మెత్తటి పీవీసీ బరువులో తరచుగా 30 నుంచి 40 శాతం అదే. వీటిలో ఎక్కువగా వాడినవి థాలేట్లు. ప్లాస్టిక్‌తో వాటికి రసాయన బంధం ఉండదు. అందుకే వేడికి, రాపిడికి కొద్దికొద్దిగా బయటపడతాయి. నేల తుడిచిన నీళ్లు, చెత్తగుట్టల నుంచి ఊరే ద్రవం, వాననీటి కాలువలు అన్నీ వాటిని నదికి చేరుస్తాయి. ఒక్క ఫ్యాక్టరీ గొట్టం మూస్తే ఆగేది కాదిది.

సుగంధ ద్రవ్యాల్లో వాడే డైఇథైల్ థాలేట్ నీటిలో కరిగి ప్రవాహంతో పోతుంది. పీవీసీని మెత్తబరచడానికి విరివిగా వాడిన డీఈహెచ్‌పీ అనే థాలేట్ అలా కాదు. లీటరు నీటిలో కొన్ని మైక్రోగ్రాములకు మించి కరగదు. మట్టి రేణువులను అంటుకుని అడుగుకు దిగుతుంది. ఆక్సిజన్ అందని బురదలో బ్యాక్టీరియా దాన్ని విడగొట్టడం చాలా నెమ్మది. పైనీరు మాత్రమే చూసి నది బాగుందని రాసిన నివేదికను నమ్మకండి, వరదకు ఆ బురద మళ్లీ లేస్తుంది. మురుగు శుద్ధి కేంద్రంలోనూ ఇంతే: నీటి నుంచి తొలగినదాంట్లో చాలా భాగం బురదలోకి చేరుతుంది. ఆ బురదను పొలానికి ఎరువుగా పంపేముందు పరీక్షించాలి.

నమూనా సేకరణలోనే ఎక్కువ పరీక్షలు పాడవుతాయి, ఎందుకంటే థాలేట్లు మన పరికరాల్లోనే ఉంటాయి. గాజు సీసాలు వాడాలి, 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చినవైతే మేలు. మూతకు టెఫ్లాన్ పొర ఉండాలి. వినైల్ (మెత్తటి పీవీసీ) చేతితొడుగులు వేసుకోవద్దు, మెత్తటి ప్లాస్టిక్ గొట్టంతో నీళ్లు లాగొద్దు. సీసాను నదినీటితో ముందుగా తొలవకూడదు. తొలిస్తే ఆ నీటిలోని డీఈహెచ్‌పీ గాజు గోడకు అంటుకుని లెక్క పెరుగుతుంది. అదే కారణంగా ల్యాబ్‌లో సీసా ఖాళీ చేశాక గోడలను ద్రావణితో కడిగి, ఆ ద్రావణాన్నీ నమూనాలో కలపాలి. 4 డిగ్రీల దగ్గర చీకట్లో ఉంచి, 7 రోజుల్లోపు రసాయనాన్ని వేరుచేయాలి. శుద్ధజలం నింపిన సీసా ఒకటి నది ఒడ్డుకు తీసుకెళ్లి తేవాలి. అందులోనూ నమూనాలో ఉన్నంతే కనిపిస్తే ఆ ఫలితం పనికిరాదు.

తాగునీటిలో డీఈహెచ్‌పీకి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక పరిమితి లీటరుకు 8 మైక్రోగ్రాములు, అమెరికాలో 6. నదినీటికి యూరప్ పెట్టిన వార్షిక సగటు ఇంకా కఠినం, 1.3.

గర్భంలోని మగ ఎలుకల్లో డీఈహెచ్‌పీ టెస్టోస్టెరాన్ తయారీని తగ్గించి, జననాంగాల ఎదుగుదలను దెబ్బతీస్తుంది. మనుషుల్లో సంతానోత్పత్తి సమస్యలతో సంబంధం కనిపించింది కానీ, కారణమని ఖాయంగా చెప్పే స్థాయికి ఆధారాలు చేరలేదు. ఒంట్లో చేరింది చాలావరకు ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో పోతుంది. రోజూ కొత్తగా చేరడమే అసలు సమస్య, అది నీటికంటే ఆహారం ద్వారానే ఎక్కువ. ఆ కారణంగా గర్భిణులు, పసిపిల్లలు తినే వేడి, కొవ్వు పదార్థాలను మెత్తటి వినైల్‌కు తగలనివ్వకూడదు. నీటిని మరిగిస్తే డీఈహెచ్‌పీ పోదు. ఫిల్టర్‌లోని యాక్టివేటెడ్ కార్బన్ పట్టుకుంటుంది, కానీ గడువు దాటిన కార్ట్రిడ్జ్ మార్చకపోతే అదీ పట్టదు.