మారియో గోడలోంచి ఎలా వెళ్తాడు?

అందరికీ నమస్కారం.

సూపర్ మారియో బ్రదర్స్ జపాన్‌లో విడుదలైంది 1985 సెప్టెంబర్ 13న. నింటెండో కంపెనీ ఫ్యామికామ్ అనే తన మెషీన్ కోసం చేసిన ఆట ఇది. షిగెరు మియమోతో, తకాషి తెజుకా దీన్ని రూపొందించారు. మన ఊళ్లకి ఈ ఆట అసలు మెషీన్‌తో రాలేదు. 1990ల్లో మనం టీవీకి తగిలించుకుని ఆడినవి చాలావరకు ఆ మెషీన్‌కి నకళ్లే. మెషీన్ నకలైనా లోపల ఆట మాత్రం అదే. అందుకని ఏలూరులో క్యాసెట్‌ని ఉఫ్ మని ఊది పెట్టుకున్న పిల్లలకీ, ఒసాకాలో ఆడిన పిల్లలకీ తెలిసిన స్టేజీలు ఒకటే. అక్కడి గోడలు ఒకటే, ఆ గోడల్లో ఉన్న సందులూ ఒకటే.

8 వరల్డ్‌లు, ఒక్కోదాంట్లో 4 స్టేజీలు, మొత్తం 32. వేసవి సెలవుల్లో మధ్యాహ్నమంతా టీవీ ముందే కూర్చున్నా 8-4 దాకా, అంటే ఎనిమిదో వరల్డ్ నాలుగో స్టేజి దాకా వెళ్లినవాళ్లు వీధికి ఒకరిద్దరు ఉండేవారు. అదే ఆటని ఇవాళ 5 నిమిషాల్లోపు ముగించేవాళ్లు ఉన్నారు. 2021 ఏప్రిల్‌లో నిఫ్ట్‌స్కీ అనే పేరుతో ఆడే ఆటగాడు 4 నిమిషాల 54.948 సెకన్లలో పూర్తి చేశాడు. 4:55 లోపు ఆటని ముగించిన మొదటి మనిషి అతనే. ఆ తర్వాత కూడా ఆ రికార్డు ఇంకా కిందికే దిగుతూ వచ్చింది.

ఇంత తక్కువ సమయం ఎలా సాధ్యం? ముందు ఈ ఆటగాళ్లు వెళ్లే దారి చెప్తాను. 1-1, 1-2, అక్కడి నుంచి 4-1, 4-2, ఆపైన 8-1 నుంచి 8-4. ఎనిమిదే స్టేజీలు. మిగతా 24 స్టేజీల్లో అడుగే పెట్టరు. 1-2లోనూ 4-2లోనూ ఉన్న వార్ప్ జోన్లు ఆట చేసినవాళ్లే దాచిపెట్టిన అడ్డదారులు. అవి గ్లిచ్‌లు, అంటే ప్రోగ్రామ్‌లో అనుకోకుండా మిగిలిపోయిన లొసుగులు కావు, బహుమతులు. నేను మాట్లాడాలనుకుంటున్నది ఎవరూ పెట్టని దారుల గురించి.

గ్లిచ్ అనగానే ఆట చేసినవాళ్లు అజాగ్రత్తగా ఉన్నారని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఈ ఆటలోని గ్లిచ్‌లు పొదుపు నుంచి పుట్టాయి. క్యాసెట్‌లో ఉన్న ఆట మొత్తం 40 కిలోబైట్లు. బొమ్మలు, సంగీతం, 32 స్టేజీల నక్షాలు, శత్రువుల నడక అన్నీ కలిపి అంతే. మీ ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటోలో పదో వంతు కూడా కాదు. ఆడుతున్నప్పుడు వాడుకోవడానికి మెషీన్‌లో ఉన్న మెమరీ 2 కిలోబైట్లు. సెకనుకి సుమారు 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు, ఒకదాని తర్వాత ఒకటి తెర మీదకి రావాలి. అంటే సెకనులో అరవయ్యో వంతులో మారియోని కదపాలి, తాబేళ్లని కదపాలి, ఎవరు ఎవర్ని తాకారో చూడాలి, పాట ఆగకూడదు. అంత ఇరుకులో అన్నిటినీ సరిచూసుకోవడం కుదరదు. అందుకని ప్రోగ్రామ్ కొన్నిటిని సరిచూస్తుంది, మిగతావి ఇలాగే ఉంటాయిలే అని నమ్ముతుంది. మారియో ఎప్పుడూ గోడ బయటే ఉంటాడని నమ్ముతుంది. మారియో తెర మధ్యకి కాస్త ఎడమగా, ఒకే చోట ఉంటాడని నమ్ముతుంది. అది ఎక్కడ నమ్మిందో అక్కడ దారి దొరుకుతుంది.

1-2 చివర ఉన్న గోడని దగ్గరగా చూద్దాం. భూమి లోపలి స్టేజి అది. ఆఖర్న పైకి తీసుకెళ్లే పైపు ఉంటుంది. దాని పైన కప్పుకి ఆనుకుని ఇటుకలు, కుడివైపు గోడ. గోడ అవతల వార్ప్ జోన్, అందులో మూడు పైపులు. మామూలుగా అయితే కప్పు మీదుగా నడిచి వెళ్తాం. గ్లిచ్ కోసం మారియో పైపు మీద నిలబడి, గోడ పక్కనున్న ఇటుకని వదిలేసి దాని ఎడమవైపువి పగలగొడతాడు. పైపు అంచుకి వచ్చి, ముఖం ఎడమవైపు తిప్పి, వీపు గోడవైపు పెట్టి, కూర్చున్న భంగిమలోనే కుడివైపుకి గెంతుతాడు. గోడని తాకే క్షణంలో ఎడమ బటన్ నొక్కుతాడు. సరిగ్గా కుదిరితే వెనక్కి నడుస్తున్నట్టే గోడలోంచి జారిపోతూ అవతల తేలుతాడు. మొదటిసారి చూసినవాళ్లు టీవీ పాడైందనుకుంటారు.

లోపల జరిగేది ఇది. మారియో గోడకి తగిలాడా లేదా అని చూడటానికి ఆట అతని ఒంటినంతా చూడదు. తల దగ్గర, పాదాల దగ్గర, పక్కల కొన్ని బిందువులే చూస్తుంది. పరుగెత్తేటప్పుడు మారియో ఫ్రేముకి సుమారు రెండున్నర పిక్సెళ్లు, అంటే తెర మీది చుక్కలు, కదులుతాడు. అంటే ఒక ఫ్రేములో గోడ బయట ఉన్నవాడు తర్వాతి ఫ్రేముకి గోడ అంచు లోపల ఉండొచ్చు. ఇది జరుగుతుందని చేసినవాళ్లకి బాగా తెలుసు. అందుకే లోపలికి వచ్చినవాణ్ణి ఫ్రేముకి ఒక్కో పిక్సెల్ చొప్పున బయటికి నెట్టే ఏర్పాటు పెట్టారు. ఎటు నెట్టాలి? దానికోసం వేగం చూస్తారు. కుడికి పోతూ తగిలితే ఎడమకి నెట్టాలి, ఎడమకి పోతూ తగిలితే కుడికి నెట్టాలి. తప్పు పట్టడానికేమీ లేదు. కానీ మన మారియో ఇప్పుడు గోడ లోపల ఉన్నాడు, వేగం మాత్రం ఎడమవైపు చూపిస్తోంది. ఆట ఏమనుకుంటుంది? వీడు కుడి నుంచి వచ్చి గోడకి కొట్టుకున్నాడు, కుడికి పంపేయాలి అనుకుంటుంది. నెడుతుంది. తర్వాతి ఫ్రేములోనూ అదే లెక్క, మళ్లీ నెడుతుంది. గోడ అయిపోయేదాకా నెడుతూనే ఉంటుంది. మారియోని గోడ దాటించింది ఆటే. తన నియమాన్ని తాను ఒక్క ఫ్రేము కూడా తప్పకుండా పాటించింది.

ఇప్పుడు గోడ అవతల మూడు పైపులు ఉన్నాయి. ఏ పైపు ఏ వరల్డ్‌కి వెళ్తుందో చెప్పే అంకెలు తెర తగినంత ముందుకి జరిగాక గానీ సరిగ్గా పడవు. మారియో గోడలోంచి వచ్చేశాడు గానీ తెర ఇంకా రాలేదు. ఆ స్థితిలో పైపులోకి దిగితే ఆట వేరే అంకెలు చదువుతుంది. 4-2 చివర ఒకే పైపు ఉన్న మరో వార్ప్ జోన్ ఉంది, దానివి. ఆ పట్టికలో మధ్య పైపుకి 5, అటూ ఇటూ 36. ఆ 36 వరల్డ్ నంబరు కాదు. ఖాళీ చోటుని తెర మీద చూపించే బొమ్మ సంఖ్య. అక్కడ పైపు లేదు కాబట్టి అంకె బదులు ఖాళీ చూపించాలని పెట్టారు. కానీ ఆట దాన్ని నిజంగానే వరల్డ్ 36 అనుకుని మారియోని అక్కడికి పంపుతుంది. తెర మీద 36 కనిపించదు, దాని చోట ఖాళీ వస్తుంది. కాబట్టి మనకి కనిపించేది అడ్డగీత, 1. దాన్నే మైనస్ వరల్డ్ అన్నారు. లోపల 2-2 లాంటి నీళ్ల స్టేజి, ఎంత ఈదినా చివరి పైపు మళ్లీ మొదటికే తెస్తుంది. లైఫులన్నీ అయిపోవడం తప్ప బయటపడే మార్గం లేదు. దీనివల్ల ఎవరికీ సమయం కలిసిరాదు. అయినా దీన్ని ఇంతసేపు చెప్పడానికి కారణం ఉంది. ఆట మారియోని చూడటం లేదు, తెరని చూస్తోంది అన్న సంగతి ఇక్కడ స్పష్టంగా బయటపడుతుంది.

ఆ సంగతినే అడ్డదారిగా మలుచుకున్న చోటు 4-2. అన్నిటిలోకీ నాకు ఇష్టమైన గ్లిచ్ ఇదే. ఆ స్టేజిలో కనపడని ఇటుకలు కొట్టుకుని, వాటి సాయంతో పైకెక్కి, తీగ మొలిపించుకుని, దాన్ని ఎక్కితే 6, 7, 8 వరల్డ్‌ల వార్ప్ జోన్ వస్తుంది. తీగ మెల్లగా పెరుగుతుంది, మారియో మెల్లగా ఎక్కుతాడు. రికార్డు కోసం ఆడేవాళ్లకి ఆ కాసేపు యుగంలా ఉంటుంది. కాస్త ముందుకి వెళ్తే నాణేల గదికి తీసుకెళ్లే పైపు ఒకటుంది. స్టేజి నుంచి పక్క దారి పడితే ఎక్కడికి పోవాలి అన్నది ఆట ఒకే ఒక్క చోట రాసుకుంటుంది. ఒకేసారి రెండు చిరునామాలు గుర్తుపెట్టుకోదు. ముందు తీగ చిరునామా రాసి ఉంటుంది. తెర ఫలానా దూరం జరిగాక దాన్ని చెరిపి పైపు చిరునామా రాస్తుంది. తెర జరగకముందే మారియో పైపు దగ్గరికి చేరితే? పైపులో దిగితే చాలు, తీగ వెళ్లాల్సిన చోటికే పోతాడు. తీగ ఎక్కకుండానే వార్ప్ జోన్.

అంటే మారియో తెర మీద తానుండాల్సిన చోటుకంటే కొన్ని పిక్సెళ్లు కుడికి జరగాలి. మామూలు నడకతో అది జరగదు, మారియో ముందుకి పోయినకొద్దీ తెరా జరుగుతుంది. కానీ గోడ నెట్టిన పిక్సెల్ నడక లెక్కలోకి రాదు, తెర దానితో పాటు కదలదు. అందుకని ఆటగాళ్లు వెనక్కి తిరిగి గెంతి, ఇటుకల అంచులకి కావాలనే తగులుతూ, నెట్టించుకుంటూ పోతారు. పరుగు ఎక్కువ తగ్గకుండా ఇదంతా చేయాలి. చూసేవాళ్లకి మారియో అక్కడక్కడా తడబడినట్టు కనిపిస్తుంది. ఆ తడబాటు వెనక వేల గంటల సాధన ఉంటుంది. అడ్డదారి అంటే బద్ధకస్తుల దారి అనేవాళ్లు ఒకసారి 4-2 ప్రయత్నించి చూడాలి.

ఇంత కష్టపడి ఎంత ఆదా అవుతుందంటే, కొన్ని చోట్ల సెకనులో మూడో వంతు. దానికీ ఒక విచిత్రమైన లెక్క ఉంది. ఆట లోపల ఒక లెక్క 20 నుంచి సున్నాకి దిగి మళ్లీ 20కి పోతుంటుంది, అంటే 21 ఫ్రేములకి ఒక చుట్టు. స్టేజి అయిపోయాక తర్వాతి స్టేజికి మారడం ఆ చుట్టు పూర్తయినప్పుడే. ఆటగాళ్లు దీన్ని బస్సుతో పోల్చి చెప్తారు. ప్రతి 21 ఫ్రేములకి ఒక బస్సు. మీరు స్టాపుకి 19 ఫ్రేములు ముందొచ్చినా అదే బస్సు, ఒక్క ఫ్రేము ముందొచ్చినా అదే బస్సు. ఒక్క ఫ్రేము ఆలస్యమైతే మాత్రం 0.35 సెకను నిలబడాలి. చివరి 8-4లో మాత్రం బస్సు లేదు. స్టేజి చివర ఉండే గొడ్డలిని తాకగానే సమయం ఆగుతుంది కాబట్టి అక్కడ ప్రతి ఫ్రేమూ లెక్కే. రికార్డు దగ్గరపడిన ఆటలో 8-4 చేరేసరికి ఆటగాడి టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఆ ముందు బస్సు అందుకోవడానికి వాడేదే జెండా గ్లిచ్. స్టేజి చివర జెండా కర్ర పట్టుకుంటే జెండా కిందికి దిగేదాకా మారియో ఆగుతాడు. కర్ర మొదట్లో ఉన్న దిమ్మెలోకి కచ్చితమైన పిక్సెల్‌లో దూరి కర్రని తాకితే జెండా దిగదు, మారియో వెంటనే కోటవైపు నడుస్తాడు. 8-2లో ఇదే పనికి ఎగిరొచ్చే బుల్లెట్‌ని వాడుకుంటారు. కర్ర మొదట్లో దాన్ని తొక్కి ఆ ఊపులో కర్రని తాకాలి. బుల్లెట్ సరైన వేళకి అక్కడ ఉంటేనే అది సాగుతుంది. ఇక చిన్నప్పుడు మనం ముచ్చటపడ్డ టపాకాయలు గుర్తున్నాయా? గడియారం చివరి అంకె 1, 3, 6లో ఏదైతే అన్నే టపాకాయలు పేలతాయి. ఈ ఆటగాళ్లు ఆ అంకెల్ని తప్పించుకుంటారు. పండగ చేసుకునే తీరిక వాళ్లకి లేదు.

ఇదంతా మోసం కాదా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఈ ఆటగాళ్లు దాని గురించి మనకంటే ఎక్కువ ఆలోచించారు. నేను చెప్పినవన్నీ కంట్రోలర్ మీదున్న బటన్లతోనే జరుగుతాయి. క్యాసెట్‌లో ఒక్క అక్షరం కూడా మార్చరు. క్యాసెట్‌కీ మెషీన్‌కీ మధ్య పెట్టి కోడ్ మార్చే గేమ్ జీనీ లాంటి పరికరాలు వేరు, వాటికి ఇక్కడ చోటు లేదు. జపాన్‌లో ఇంకో కిటుకు పేరుపొందింది. మెషీన్ ఆన్‌లో ఉండగానే మారియో క్యాసెట్ పీకి, టెన్నిస్ క్యాసెట్ పెట్టి, కాసేపు ఆడి, మళ్లీ మారియో పెడితే మెమరీలో మిగిలిన అంకెలు వరల్డ్ నంబరుగా మారి వింత స్టేజీలు తెరుచుకుంటాయి. సరదాగా బాగుంటుంది, పందెంలో చెల్లదు. అన్నిటికంటే సూక్ష్మమైన నియమం ఒకటుంది. ఎడమ, కుడి ఒకేసారి నొక్కకూడదు. అసలు కంట్రోలర్‌లో దిక్కుల బటన్ ఒకే ప్లస్ ఆకారపు ముక్క, రెండు వైపులా ఒకేసారి కిందికి పోదు. కంప్యూటర్ కీబోర్డ్‌తో ఆడితే పోతుంది. అలా నొక్కితే ఆటలో ఇంకా వేగంగా చేసే పనులు ఉన్నాయి. అయినా నిషేధించారు. 1985 నాటి ఆ ప్లాస్టిక్ ముక్క ఒప్పుకోనిది ఇవాళా ఒప్పుకోరు. ఆట పట్ల ఇంత గౌరవం ఉన్నవాళ్లని మోసగాళ్లని ఎలా అంటాం?

ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నవాళ్లకి ఒక మాట. పుస్తకంలో కొలిజన్ డిటెక్షన్, అంటే ఏది దేన్ని తాకిందో కనిపెట్టడం, అన్న అధ్యాయం చదివే ముందు ఈ గోడ దగ్గర ఒక సాయంత్రం గడపండి. నెట్టే దిక్కుని వేగం చూసి నిర్ణయించడమా, పాత స్థానం చూసి నిర్ణయించడమా అన్న ప్రశ్న అప్పుడు మీకు పరీక్ష ప్రశ్నలా ఉండదు. ఆ 2 కిలోబైట్లలో మీరైతే ఏం చేసేవారో కాగితం మీద రాసి చూడండి. నేను రాసి చూసిన ప్రతి పద్ధతీ ఆ మెమరీకి బరువైంది.

యంత్రం సాయంతో ఫ్రేము ఫ్రేమూ కూర్చి చేసే ఆట ఒకటుంది, ఎడమ-కుడి నియమం పాటిస్తూనే. మనిషికి సాధ్యమైన హద్దు అదేనని ఆటగాళ్లు భావిస్తారు. దానికీ ఇవాళ్టి మనుషుల రికార్డుకీ తేడా అర సెకను కంటే తక్కువ. ఆ మిగిలిన కాస్త కోసం ఇప్పటికీ ఆడుతూనే ఉన్నారు.

వెనక బల్ల మీద మెషీన్, రెండు కంట్రోలర్లు పెట్టాం. ముందుగా 1-2 గోడతోనే మొదలుపెట్టండి. పుట్టగొడుగు తిని పెద్ద మారియోగా వెళ్లండి, లేకపోతే ఇటుకలు పగలవు. గడియారం 100 కంటే కిందికి పోయేలోపు అక్కడికి చేరితే నాలుగైదు గెంతులకి సమయం ఉంటుంది. ఎడమ బటన్ ముందే నొక్కితే గోడ తాకదు, ఆలస్యంగా నొక్కితే పైపు మీదకే తోసేస్తుంది. ఇంకేమైనా అడగాలంటే నేను అక్కడే ఉంటాను, రండి.