ఓరుగల్లు వాకిళ్ళు

సభకు నమస్కారం.

నగరాల గురించి మాట్లాడమన్నప్పుడు ఎవరు ఏది కట్టించారన్న లెక్కతో మొదలుపెట్టడం మనకు అలవాటు. ఈ పూట ఆ లెక్కను పక్కనపెట్టి, మన ఓరుగల్లులోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఉన్న కొన్ని వాకిళ్ళ దగ్గర మాత్రమే ఆగుతాను. గోడ ఎత్తు కట్టించినవాడి కలిమిని చెబుతుంది. ఆ గోడలో వాకిలి ఎక్కడ పెట్టారు, అందులోంచి ఎవరు తలెత్తుకొని వెళ్ళారు, ఎవరు వంగి వెళ్ళారు, ఎవరు బయటే నిలబడిపోయారు అన్నది ఆ కాలపు రాజకీయాన్ని చెబుతుంది.

కాకతీయుల తొలి రాజధాని హనుమకొండ. రుద్రదేవుడు 1163లో వేయిస్తంభాల గుడి కట్టించింది అక్కడే. తర్వాత రాజధాని ఓరుగల్లుకు మారింది. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతికోటను ఆయన కూతురు రుద్రమదేవి పూర్తిచేయించింది. బయట మట్టికోట, లోపల రాతికోట. ఆ రాతికోట ద్వారంలోకి వెళ్ళే ఆటో ఇవాళ్టికీ తిన్నగా సాగలేదు. ఒకసారి అడ్డం తిరిగి, మళ్ళీ మలుపు తీసుకుంటే తప్ప లోపలికి చేరదు. దూసుకొచ్చే శత్రువు ఊపును విరగ్గొట్టడానికి పెట్టిన ఆ వంకర, ఇప్పుడు బడిపిల్లల ఆటోల వేగాన్ని తగ్గిస్తున్నది.

కోట నడుమ స్వయంభూదేవుని గుడి ఉండేది. దాని నాలుగు దిక్కులా నిలిచిన రాతి తోరణాలకు తలుపుల్లేవు, గడియల్లేవు. ఎవరినీ ఆపడం వాటి పని కాదు. అధికారానికి నట్టనడుమ ఉన్నది ఇదీ అని చెప్పడమే వాటి పని. 1323లో ఢిల్లీ తుగ్లక్‌ల యువరాజు ఉలుగ్ ఖాన్ కోటను పట్టుకున్న తర్వాత ఊరు పేరు సుల్తాన్‌పూర్ అయింది, గుడి నేలమట్టమైంది, తోరణాలు మాత్రం మిగిలాయి. కాలం దయతలచడం వల్ల మిగిలాయని నేననుకోను. కొత్త పాలకుడికి పాత దేవుడు అక్కరలేదు కానీ, జనం తలలో అప్పటికే పాతుకుపోయిన అధికారపు చిరునామా కావలసివచ్చింది. పక్కనే ఉన్న ఖుష్ మహల్‌ను చాలాకాలం తర్వాతి కాలపు ఓరుగల్లు పాలకుడు షితాబ్ ఖాన్ కట్టడంగా చెప్పుకున్నాం. ఏటవాలుగా పైకి లేచే దాని గోడల తీరును బట్టి అది తుగ్లక్‌ల నాటిదని ఇప్పుడు పలువురు చరిత్రకారులు అంటున్నారు. గుడి శిల్పాల ముక్కలు కొన్నింటిని ఆ దర్బారు హాలులోనే భద్రపరిచారు. ఓడినవాడి రాళ్ళకు గెలిచినవాడి కప్పు నీడనిస్తున్న చోటు అది. పిల్లలను కోటకు తీసుకెళ్ళినప్పుడు తోరణం ముందు ఫొటో దిగి వచ్చేయకుండా అక్కడ పది నిమిషాలు కూర్చోబెట్టండి.

ఇక గడీ. నిజాం కాలంలో దేశ్‌ముఖ్‌ల, దొరల గడీలు మన జిల్లాల్లో ఊరికొక కోటలా ఉండేవి. ఎత్తైన ప్రహరీ, మూలన బురుజు, మనిషికి రెండింతలుండే టేకు దర్వాజ. ఆ దర్వాజను ఒకసారి దగ్గరినుంచి చూడండి. దొర బండికి, పెద్ద చుట్టాలకు రెండు రెక్కలూ తెరుచుకునేవి. మిగతా రోజుల్లో ఒక రెక్కలో కోసిన దిడ్డి దర్వాజే దారి. దానికి కింద కడప ఎత్తు, పైన చౌకటు తక్కువ. వెట్టికి వచ్చిన మనిషి కాలు ఎత్తాలి, తల వంచాలి, రెండూ ఒకేసారి చేయాలి. నెత్తిన కట్టెల మోపు ఉంటే దించి, లోపలికి జరిపి, మళ్ళీ ఎత్తుకోవాలి. దొర నోరు తెరవకముందే వడ్రంగి ఉలి ఆ మనిషి చేత దండం పెట్టించింది. గడీ ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతబట్టుకొని నడవాలన్న కట్టుబాటు గోడ మీద రాసి ఉండనక్కరలేదు, ఆ దర్వాజ ఉంటే చాలు.

అందుకే 1946 జూలై 4న కడవెండి ఊళ్ళో జనం దొరకు ఎదురుగా ఊరేగింపుగా కదలడాన్ని నేను నగర నిర్మాణ చరిత్రలో కూడా ఒక ఘట్టంగానే చూస్తాను. ఆ రోజు కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. విసునూరు దేశ్‌ముఖ్ వాకిలికి ఉన్న భయం మాత్రం ఆ తర్వాత నిలవలేదు. 1978లో రైతుకూలీలు దొరలకు ఎదురుగా కదిలిన జగిత్యాల జైత్రయాత్ర తర్వాతి ఏళ్ళలో ఉత్తర తెలంగాణలో చాలామంది దొరలు ఊళ్ళు విడిచి పట్నాలకు చేరారు. ఖాళీ అయిన గడీల్లో కొన్ని బడులయ్యాయి, కొన్ని కూలిపోయాయి, కొన్నింటి దూలాలనూ దర్వాజలనూ ఊడదీసి అమ్ముకున్నారు. పట్నంలో ఏదో హోటలు గోడకు అలంకారంగా బిగించిన అలాంటి దిడ్డిని చూసినప్పుడు, దాన్ని మెచ్చుకుంటున్నవాళ్ళకు దాని పని ఏమిటో చెప్పాలనిపిస్తుంది.

పట్నంలో గేటు మరో రకంగా పనిచేసింది. 1934లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లు గేటు మనిషి కులం అడగకుండా టైము అడిగింది. ఊళ్ళో ఒకరి గడప ఒకరు తొక్కనివాళ్ళు ఒకే గేటులోంచి షిఫ్టుకు వెళ్ళారు. సమానత్వం వచ్చిందని చెప్పను, కానీ సంఘం పెట్టుకోవడానికి చోటు దొరికింది. మిల్లు మూతపడింది, మిల్స్ కాలనీ అన్న పేరు మిగిలింది. నేతన్నలు సూరత్‌కు, భివండికి రైలెక్కారు. సుబేదారు పోయి సుబేదారి అన్న పేట పేరు మిగిలినట్టే ఇదీ. మన నగరంలో కట్టడాల కన్నా పేర్లకే ఆయుష్షు ఎక్కువ.

1886 నాటి సెంట్రల్ జైలును 2021లో 24 అంతస్తుల ఆస్పత్రి కోసం కూల్చేశారు. జైలు స్థలంలో ఆస్పత్రి రావడాన్ని కాదనేవాడెవడు? అయినా ఆ ప్రధాన ద్వారం ఒక్కటైనా ఉంచి ఉంటే, నూరేళ్ళకు పైబడి అందులోంచి వెళ్ళినవాళ్ళ గురించి మనవళ్ళు అడిగేవారు.

తలుపుల్లేని తోరణానికి మాత్రం ఈ రోజుల్లో గిరాకీ పెరిగింది. 2014లో అది రాష్ట్ర చిహ్నంలోకి చేరింది. పదేళ్ళకు చిహ్నం మార్చాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు ఇదే నగరంలో నిరసనలు జరిగాయి. సిమెంటు తోరణాలు ఫంక్షన్ హాళ్ళ ముందూ లేస్తున్నాయి, వాటి కింద కార్లు ఆపుకుంటున్నాం.

2016లో జిల్లాలు చీలిన తర్వాత కొత్త కలెక్టరేట్లు వచ్చాయి. ఒకే నమూనా, విశాలమైన మెట్లు, వెడల్పాటి గాజు తలుపులు, ఎవరినీ వంగమనవు. ఒక సోమవారం ప్రజావాణికి దరఖాస్తు ఇవ్వడానికి అలాంటి ఒక కలెక్టరేటుకు వెళ్ళాను. నా ముందు వరుసలో నిలబడ్డ ముసలాయన హాలు గుమ్మం దగ్గరకు రాగానే, ఎవరూ చెప్పకుండానే, చెప్పులు విడిచి గోడ వారకు జరిపి లోపలికి నడిచాడు. ఆయన వెనకాలే నిలబడ్డ కుర్రవాడు ఫోను చూసుకుంటూ, బూట్లతోనే గడప దాటాడు.