ఆఫ్టర్ నవల రివ్యూ: సారీకీ సారీకీ మధ్య ఎన్ని పేజీలు?

నమస్తే అండీ. ముందే చెప్పేస్తా, ఈ కాపీ ఫ్రీగా వచ్చింది. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక పుస్తకాల షాపాయన పంపించారు. డబ్బులేం ఇవ్వలేదు, బాగుందని చెప్పమనీ అడగలేదు. అడక్కపోవడమే మంచిదైంది.

పుస్తకం అన్నా టాడ్ రాసిన ఆఫ్టర్. 2013లో వాట్‌ప్యాడ్‌లో (ఎవరైనా కథలు రాసి పెట్టే యాప్) మొదలై, 2014లో అచ్చయి, 2019లో సినిమా అయింది. టెస్సా కొత్తగా కాలేజీలో చేరిన పిల్ల, హార్డిన్ ఆమె ప్రేమలో పడే కోపిష్టి కుర్రాడు. మిగతా కథంతా మీరు చూసే ఉంటారు, ఆ జోలికి పోను. చివర్లో బయటపడే పందెం సంగతి, అంటే టెస్సాని వలలో వేసుకుంటానని హార్డిన్ ముందే స్నేహితులతో కాసిన పందెం గురించి మాత్రం మాట్లాడతా. చదవని వాళ్ళు ఇక్కడే ఆపేయండి.

దాదాపు 600 పేజీలు, అయినా గబగబా అయిపోద్ది. రోజుకో ముక్క ఫోన్లో చదివేవాళ్ళ కోసం అల్లిన కథ కదా, చాప్టర్ సగటున ఆరు పేజీలే. ఇంగ్లీషూ తేలిక. ఒంగోల్లో పినాకిని రైలు ఎక్కితే నెల్లూరు వచ్చేలోపు పది చాప్టర్లు లాగేయొచ్చు.

నా గొడవంతా సారీల మీదే. ఒక సీను చూడండి. హార్డిన్ తాగొచ్చి తండ్రి ఇంట్లో పింగాణీ సామానంతా పగలగొడతాడు. ఆ ఇంట్లోనే ఉండే లాండన్, టెస్సా స్నేహితుడు, ఫోన్ ఎవరికి చేస్తాడు? టెస్సాకి. ఆ పిల్ల పరిగెత్తుకుంటా పోతుంది. చదివేవాళ్ళకేమో "అబ్బ, ఆమె మాటైతే వింటాడబ్బా" అనిపిస్తుంది. కిటుకంతా అక్కడే ఉంది. పగలగొట్టింది వాడు, సముదాయించాల్సింది ఈమె, దాన్ని ప్రేమ ఖాతాలో జమ చేసేది మనం.

అందుకే పెన్సిల్ పెట్టుకుని చదవండి. హార్డిన్ సారీ చెప్పినచోట మార్జిన్లో ఒక గీత. అదే తప్పు మళ్ళీ చేసినచోట ఇంటూ మార్కు. గీతకీ ఇంటూకీ మధ్య పేజీలు లెక్కపెట్టండి. మనిషి నిజంగా మారుతుంటే ఆ దూరం పెరగాలి, 20 పేజీలున్నది 50, తర్వాత 100 కావాలి. పెరగట్లేదంటే మధ్యలో ఊపిరి తీసుకుంటా ఉండాడంతే. చాలామంది సారీ ఎంత తీయగా చెప్పాడో చూస్తారు, అక్కడే బోల్తా పడతారు. మన చేపల పులుసు రాత్రి వండితే పొద్దునకి రుచెక్కుద్ది. ఈ సారీలు పొద్దునకే పాచిపోతాయి.

ఇంకోటి. వెనకున్న ఖాళీ పేజీలో టెస్సాకి దగ్గరి మనుషుల పేర్లు రాయండి. వాడి మూలాన దూరమైన పేరల్లా కొట్టేయండి. అమ్మ, హార్డిన్ కంటే ముందు ప్రేమించిన నోవా... సగం పుస్తకానికి ఆ పిల్ల అర్ధరాత్రి ఫోన్ చేయగలిగే మనుషులు ఎంతమంది మిగిలారో చూడండి.

ఆఫ్టర్ ఒక్క పుస్తకం కాదు, వరసగా వచ్చిన సెట్టు. మొదటి పుస్తకం టెస్సా గొంతులో నడుస్తుంది. రెండోదాంట్లో హార్డిన్ గొంతూ కలుస్తుంది. ఈ రకం నవలల్లో ఇదొక పాత ఎత్తు. వాడు తప్పు చేయడం ఆలస్యం, తర్వాతి చాప్టర్ వాడిదే. చిన్నప్పటి గాయాలన్నీ బయటికొస్తాయి, మన కోపం నీరుగారిపోద్ది. ఒక్కసారి వాడి చాప్టర్లు దాటేసి ఆమెవి మాత్రం వరసగా చదవండి, వేరే కథ కనిపిస్తుంది.

పందెం దగ్గర మాత్రం రచయిత్రికి మార్కులేస్తా. అన్ని సారీలు చెప్పినోడు అసలు చెప్పాల్సినదాన్ని దాచాడని ఆఖర్న తెలుస్తుంది. నా గీతలన్నీ అక్కడ సున్నా అయినాయి.

హాస్టల్లో చదివే పిల్లలకి ఒక మాట. కథలో వద్దన్నా వచ్చి గుమ్మం ముందు నిలబడితే అదేదో గొప్ప. బయట వద్దని తేల్చి చెప్పాక కూడా వెంటపడితే భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్, మొదటిసారికే మూడేళ్ళ దాకా జైలు. మహిళా హెల్ప్‌లైన్ 181.

కొనాలా? మొదటిది ఒక్కటే కొనండి. సెట్టు జోలికి పోవద్దు. ఇంటూలు దగ్గరదగ్గరగా పడుంటే, తర్వాత భాగంలో మారతాడులే అని డబ్బులు పెట్టకండి. ఈ కాపీ షాపాయనకి తిరిగిచ్చేస్తున్నా, గీతలతో సహా.