మొదటి పేరా దాటించగలిగితే

అందరికీ నమస్కారం.

రాయడం గురించి మాట్లాడమంటే చాలామంది భాషతో, శైలితో మొదలుపెడతారు. నేను చదివే మనిషితో మొదలుపెడతాను.

1997లో జేకబ్ నీల్సన్ అనే పరిశోధకుడు, తెర మీద జనం ఎలా చదువుతారో పరీక్షించి చూశారు. కొత్త పేజీ తెరవగానే నూటికి 79 మంది పైపైన కళ్లు పరిగెత్తించారు. ఒక్కో మాటా చదివినవారు 16 మందే. 2006లో ఆయన బృందం కంటి కదలికలను యంత్రంతో గమనించింది. చూపు పై వరుసల్లో కాస్త అడ్డంగా నడిచి, ఆ తర్వాత ఎడమ అంచు వెంట కిందికి జారిపోతోందని తేలింది. అప్పటికి ఐఫోన్ కూడా రాలేదు.

ఇవి విని ‘జనానికి ఓపిక పోయింది’ అనేవారితో నేను ఏకీభవించను. వాళ్లు తమకు కావాల్సింది ఇక్కడ ఉందా లేదా అని వెతుక్కుంటున్నారు, అంతే. దొరికిందంటే అదే మనిషి ఎంత పెద్ద వ్యాసమైనా కూర్చుని చదువుతాడు.

నిద్ర పట్టకపోవడం గురించి రాస్తున్నాం అనుకోండి. చేతికి ముందుగా వచ్చే వాక్యం ఇది: “నేటి ఆధునిక యుగంలో నిద్రలేమి ఒక ప్రధాన సమస్యగా మారింది.” తప్పేమీ లేదు. కానీ నిద్రలేమి తీసేసి ఒత్తిడి అని పెట్టండి, ఊబకాయం అని పెట్టండి, వాక్యం అలాగే నిలబడుతుంది. చదివినవారికి కొత్తగా తెలిసింది ఏమీ లేదు. ఇప్పుడిది వినండి: “సాయంత్రం నాలుగింటికి తాగిన కాఫీలోని కెఫీన్‌లో దాదాపు సగం, రాత్రి తొమ్మిదింటికి కూడా చాలామంది ఒంట్లోనే ఉంటుంది.” మంచం మీద అటూ ఇటూ దొర్లే మనిషి ఇక్కడ ఆగుతాడు. నేను నిన్న ఎన్నింటికి తాగాను అని లెక్క వేసుకుంటాడు. ఆ లెక్క మొదలైందంటే రెండో పేరా చదవక మానడు. ఇందులో అలంకారం ఏదీ లేదు చూడండి. అతని రోజులోంచి తీసిన ఒక గంట ఉంది, దానికీ రాత్రి మెలకువకూ ఉన్న సంబంధం ఉంది.

అలాంటి వాక్యం దొరకాలంటే ఎవరికోసం రాస్తున్నామో తెలియాలి. ‘పాఠకులు’ అనే గుంపును ఊహించుకుంటే గొంతు దానంతటదే ఉపన్యాసంలోకి వెళ్లిపోతుంది. మీకు తెలిసిన ఒక్క మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకోండి. నైట్ షిఫ్టుకు మారి నిద్ర పాడైన స్నేహితురాలే అనుకుందాం. ఆమె ఏమడుగుతుంది? పగలు పడుకుంటే సరిపోతుందా? సెలవు రోజు మళ్లీ రాత్రి పడుకోవచ్చా? మాత్రలు వాడితే అలవాటైపోతాయా? ఆమె అడిగిన వరసలోనే వ్యాసం నడిపించండి. ఆ ప్రశ్నలే ఉపశీర్షికలుగా పెట్టుకోవచ్చు, పైపైన చూసేవారి కంటికి ముందు అవే ఆనతాయి. నిద్ర మీద పరిశోధనల చరిత్ర ఆమె అడగలేదు. మీకెంత ఇష్టమైనా దాన్ని వేరే వ్యాసానికి దాచుకోండి.

శీర్షిక గురించి ఒక్క మాట. లోపల లేనిది పైన చెప్పకండి. “ఇది తెలిస్తే షాక్ అవుతారు” అని పిలిస్తే ఒకసారి వస్తారు. మళ్లీ మీ పేరు కనిపిస్తే దాటుకుని పోతారు.

ఇక నిడివి. అదే 1997లో నీల్సన్, ఇంకొక పరిశోధకుడు కలిసి మరో పరీక్ష చేశారు. ఉన్న సమాచారాన్నే సుమారు సగం మాటల్లో రాసి ఇచ్చారు. చదివేవారికి అది ఎంత ఉపయోగపడిందో కొలిస్తే 58 శాతం మెరుగ్గా తేలింది. సగం కోయమంటే ప్రాణం ఉసూరుమంటుంది, నాకు తెలుసు. కానీ పోయేది విషయం కాదు. “ఇక్కడ చెప్పుకోదగ్గ విషయం ఏమిటంటే”, “అనడంలో అతిశయోక్తి లేదు” లాంటివి ఎన్ని ఉన్నాయో వెతికి తీసేయండి. ఉదాహరణలను మాత్రం ముట్టుకోకండి. కొత్తగా రాసేవారు నిడివి తగ్గించమంటే ముందు ఉదాహరణలకే కత్తెర వేస్తారు, అభిప్రాయాలు ఉంచుకుంటారు. నన్నడిగితే అభిప్రాయాలే ముందు పోవాలి. ఉదాహరణ సరిగ్గా పడితే ఆ అభిప్రాయానికి చదివేవారు తామే వస్తారు.

కంప్యూటర్‌లో నాలుగు వరుసలున్న పేరా ఫోన్‌లో పది దాటుతుంది. కాబట్టి పంపే ముందు ఒకసారి ఫోన్‌లో చూసుకోండి. తర్వాత గొంతెత్తి చదవండి. ఊపిరి అందని చోట వాక్యాన్ని రెండు చేయండి. ‘తద్వారా’, ‘ఆవశ్యకత’ లాంటి మాట దగ్గర నాలుక ఆగితే, మామూలుగా మాట్లాడేటప్పుడు ఏమంటారో అదే రాయండి.

మీలో చాలామంది మీ వ్యాసాలు వెంట తెచ్చుకున్నారు కదా, బయటకు తీయండి. ముందు వరుస నుంచి మొదలుపెడదాం. మొదటి పేరా మాత్రమే చదవండి. తర్వాత ఏముందో వినాలని ఎవరికి అనిపిస్తే వాళ్లు చెయ్యెత్తండి.